ద్వీపాలలో గాలపు వేట విహారం: ప్రణాళికలోనే బాధ్యత

ఉష్ణమండల ద్వీపాలకు వెళ్లి, గాలంతో పెద్ద చేపలను పట్టి, కొలిచి, ఛాయాచిత్రం తీసుకొని తిరిగి సముద్రంలోనే విడిచిపెట్టే విహారయాత్రలు మన దేశంలోనూ స్థిరపడ్డాయి. వాటికి ప్రధాన కేంద్రం అండమాన్ దీవులు. పగడపు దిబ్బల అంచున తిరిగే పార చేపలు, లోతు నీటి ట్యూనాలు, కొమ్ము కోనాలు, వంజరాలు దేశవిదేశాల గాలపు వేటగాళ్లను అక్కడికి రప్పిస్తున్నాయి. మత్స్య విస్తరణ పాఠ్యాంశాలలో మాత్రం ఈ విషయానికి దక్కిన చోటు స్వల్పం. వల, పడవ, చెరువు, మేత, మార్కెట్ గురించి బోధించే విస్తరణ వ్యవస్థ వినోద వేటను సంపన్నుల కాలక్షేపంగా భావించి పక్కన పెట్టింది.

ఈ ఉపేక్షకు మూల్యం చెల్లించేది చేప. దాని తరువాత జాలరి. విహారయాత్ర ప్రణాళికలో ప్రధానంగా ఐదు ప్రశ్నలు ఉంటాయి: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ వేటాడాలి, ఎవరి పడవలో వెళ్లాలి, ఏ సామగ్రి వాడాలి, పట్టిన చేపను ఏమి చేయాలి. ఈ ఐదింటికీ సమాధానాలు యాత్రకు కొన్ని నెలల ముందే, సముద్రానికి దూరంగా ఉన్న ఏదో నగరంలో నిర్ణయమవుతాయి. పడవ ఒడ్డు విడిచిన తరువాత చేపను ఎలా పట్టుకుంటున్నారో చూసే అధికారి ఉండడు, తప్పును సరిదిద్దే శాస్త్రవేత్తా ఉండడు. కనుక శాస్త్ర విజ్ఞానం పనిచేయగల సమయం ప్రణాళిక దశే. విస్తరణ శాస్త్రవేత్త అడుగుపెట్టవలసిన చోటు కూడా అదే.

కాలనిర్ణయం

అండమాన్ దీవులు విశాఖపట్నం నుండి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. నైరుతి రుతుపవనాలు మే నెలలోనే దక్షిణ అండమాన్ సముద్రాన్ని తాకుతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానుల భయం ఉంటుంది. అందువలన చిన్న పడవలో దూరపు దిబ్బలకు వెళ్లదలచినవారికి జనవరి నుండి ఏప్రిల్ మధ్య వరకు గల కాలం అనుకూలమైనది. ఇంతవరకు ప్రతి యాత్రా నిర్వాహకుడూ చెబుతాడు. ఆ పైన చెప్పవలసినవి రెండు ఉన్నాయి.

మొదటిది వేట నిషేధం. తూర్పు తీరంతో పాటు అండమాన్ నికోబార్ సముద్ర జలాలలోనూ ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకొని విధించిన విరామమిది. వినోద వేట పడవకు ఈ నిషేధం అక్షరాలా వర్తిస్తుందా, లేదా అన్న తర్కం కంటే ముఖ్యమైనది న్యాయం. జాలరి తన పడవను ఒడ్డుకు కట్టి, రెండు నెలల ఆదాయాన్ని వదులుకొని కూర్చున్న సమయంలో, అదే నీటిలో అదే చేపను సరదా కోసం మరొకరు పట్టడం సమంజసం కాదు. నిషేధ కాలాన్ని విహార ప్రణాళిక నుండి తొలగించడం మొదటి నియమం కావాలి.

రెండవది చంద్రకళ. గాలపు వేటగాళ్లు అమావాస్య, పౌర్ణమి పోట్లను కోరుకుంటారు. అప్పుడు దిబ్బల అంచున ప్రవాహం బలంగా ఉండి పెద్ద చేపలు మేతకు వస్తాయి. అయితే హవాయి దీవులలో జరిగిన పరిశోధనలో జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద పార చేప గుడ్లు పెట్టడానికి గుంపులుగా చేరేది కూడా అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూనే అని తేలింది. అనగా వేటకు అనువైన రోజూ, సంతానోత్పత్తికి అనువైన రోజూ ఒకటే కావచ్చు. గుంపు కనిపించిన చోట సంబరపడి గాలం వేయడమా, తప్పుకొని మరొక దిబ్బకు పోవడమా అన్నది పడవ ఎక్కక ముందే తేల్చుకోవలసిన విషయం.

స్థలనిర్ణయం

అండమాన్ పటంలో నీలంగా కనిపించే నీరంతా వేటకు తెరచినది కాదు. వండూర్ వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం, 1996లో ఏర్పడిన రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ ఉద్యానం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉన్నాయి. 1956 నాటి ఆదిమ తెగల సంరక్షణ నిబంధనలు గిరిజన రక్షిత ప్రాంతాలను, వాటి తీర జలాలను కాపాడుతున్నాయి. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి పోవడం నిషిద్ధం. నికోబార్ దీవులు సాధారణ పర్యాటకులకు తెరచినవి కావు. ఈ హద్దులను దాటినప్పుడు కేసు పాలయ్యేది వచ్చిన అతిథి మాత్రమే కాదు. పడవ నడిపిన జాలరి కూడా. అతిథి తిరుగు ప్రయాణపు విమానం ఎక్కవచ్చు గాని జాలరి తన పడవను, పనిని పోగొట్టుకుంటాడు.

జాతుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2001 నుండి కొన్ని సొరచేప, టేకు చేప జాతులు, జెయింట్ గ్రూపర్, నీటి గుర్రాలు, సముద్ర దోసకాయలు, పగడాలు చట్టరక్షణ పొందాయి. గాలానికి ఏది తగులుతుందో ముందుగా చెప్పలేము గనుక, రక్షిత జాతి తగిలితే దానిని నీటిలోనే ఉంచి వెంటనే దారం కత్తిరించే ఏర్పాటు పడవలో సిద్ధంగా ఉండాలి. పగడపు దిబ్బలపై లంగరు వేయకూడదన్న నియమమూ అటువంటిదే. 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రపు వేడికి అండమాన్ పగడాలు తెల్లబడి దెబ్బతిన్నాయి. కోలుకుంటున్న దిబ్బపై వేసిన ఒక లంగరు ఎన్నో ఏళ్ల ఎదుగుదలను క్షణంలో విరిచివేస్తుంది. దిబ్బ పోతే పార చేపకు మేతా లేదు, వేటగానికి వేటా లేదు.

పడవ, సరంగు

అండమాన్ దీవులలో తెలుగు పరాయి భాష కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి తరతరాలుగా వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు ఇందులో చెప్పుకోదగిన భాగం. పూర్వం పోర్ట్ బ్లెయిర్‌గా, 2024 నుండి శ్రీ విజయపురంగా పిలుస్తున్న పట్టణంలోని జంగ్లీఘాట్ రేవులో ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. ఏ దిబ్బ వద్ద ఏ పోటుకు ఏ చేప మేతకు వస్తుందో, గాలి ఏ దిక్కుకు మళ్లితే పడవ తిప్పాలో ఈ కుటుంబాలకు పుస్తకాలతో పనిలేకుండా తెలుసు.

వినోద వేట ఆధారపడేది ఈ పరిజ్ఞానం మీదే. అయినా యాత్రికుడు చెల్లించే సొమ్ములో పెద్ద భాగం విమాన టికెట్లకు, హోటల్‌కు, దిగుమతి చేసుకున్న గాలపు కర్రలకు, పడవ యజమానికి పోతుంది. చేప ఉన్న చోటు చూపించిన సరంగుకు, కలాసీకి మిగిలేది దినకూలి. ఈ పరిస్థితిలో చేపను విడిచిపెట్టడం వలన జాలరికి ఏమి లాభం అన్న ప్రశ్న సహజం. రేవులో అమ్మితే ఆ చేప డబ్బు తెస్తుంది. నీటిలోకి వదిలితే అతని వాటాకు ఏమీ రాదు. బ్రతికి ఉన్న చేప విలువలో జాలరికి వాటా లేనంతకాలం దానిని కాపాడమని అతనికి చేసే బోధ నిలవదు.

మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం ఈ విషయంలో పరిశీలించదగినది. బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ అనే మూడు రకాల చేపలను గాలంతో పట్టితే విడిచిపెట్టి తీరాలని ఆ దేశం 2009లో చట్టం చేసింది. వాటిని చూపించే గైడ్లు లైసెన్సు పొందిన స్థానికులు. అందులో చాలామంది మత్స్యకార కుటుంబాల నుండి వచ్చినవారే. చేప బ్రతికి ఉంటేనే తమ జీవనం సాగుతుందని అక్కడి గైడ్‌కు ఎవరూ చెప్పనవసరం లేదు. చట్టం, జీవనోపాధి ఒకే దిశలో నడిచినప్పుడు నిఘా అవసరం తగ్గుతుంది.

కనుక అండమాన్ యాత్రను ప్రణాళిక వేసుకునేవారు పడవ యజమానిని అడగవలసిన ప్రశ్నలు ధర, ఇంజన్ బలం వద్దనే ఆగకూడదు. మత్స్య శాఖ, పర్యాటక శాఖ, రేవు అధికారుల అనుమతులు ఉన్నాయా? ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉందా? రేడియో పనిచేస్తుందా? సరంగుకు ఇచ్చేది కూలియా, వాటాయా? చివరి ప్రశ్న అడిగేవారి సంఖ్య పెరిగిన నాడు సమాధానం కూడా మారుతుంది.

సామగ్రి, విడుదల

చేపను విడిచిపెట్టడం, చేప బ్రతకడం ఒకటి కాదు. ఈ ఒక్క వాక్యం వినోద వేట శాస్త్రానికంతటికీ సారాంశం.

గాలానికి తగిలిన చేప పూర్తి శక్తితో పెనుగులాడుతుంది. దాని తెల్ల కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తపు ఆమ్లత్వం పెరుగుతుంది. ఉష్ణమండల సముద్రంలో ఈ ఒత్తిడి మరింత తీవ్రం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు సముద్రపు నీటిలో సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 6.2 మిల్లీగ్రాములే కరుగుతుంది. వేడి నీటిలో చేప అవసరం ఎక్కువ, అందే ప్రాణవాయువు తక్కువ.

అలసిన చేపను గాలిలోకి ఎత్తితే మొప్పల రేకులు ఒకదానికొకటి అంటుకొని శ్వాస ఆగిపోతుంది. 1992లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో రెయిన్‌బో ట్రౌట్ చేపలను అలసిపోయేంతవరకు ఈదించి విడిచినప్పుడు 12 గంటల తరువాత 88 శాతం బ్రతికాయి. అదే అలసట తరువాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 62 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 28 శాతం మాత్రమే బ్రతికాయి. ట్రౌట్ చల్లని మంచినీటి చేప. ఈ శాతాలను పార చేపకు యథాతథంగా అన్వయించరాదు. అయినా అలసట మీద గాలి తోడైతే ఏమవుతుందో అవి స్పష్టంగా చూపుతాయి. బహామాస్ దీవులలో బోన్‌ఫిష్‌పై జరిగిన పరిశీలనలో, విడిచినప్పుడు సమతుల్యత కోల్పోయి ఒరిగిపోయిన చేపలు సొరచేపల వంటి వేటజీవులకు ఆరు రెట్లకు పైగా ఎక్కువగా బలయ్యాయి. పడవలోనివారు చేప ఈదుకుంటూ పోయిందనే అనుకుంటారు. ఆ తరువాతి ఇరవై నిమిషాలు వారికి కనిపించవు.

ఈ జ్ఞానం సామగ్రి ఎంపికను నిర్దేశించాలి. సన్నని దారంతో పెద్ద చేపను గంటసేపు ఆడించి పట్టడం నైపుణ్యానికి గుర్తుగా కొందరు భావిస్తారు. చేప దృష్టిలో అది మరణానికి దగ్గర దారి. బలమైన కర్ర, బలమైన దారం వాడి తక్కువ సమయంలో పడవ వద్దకు తేవడమే మేలు. నీటి మీద చప్పుడు చేసే పాపర్ ఎరలకు మూడు కొక్కేల గాలాలకు బదులు ఒంటి గాలం అమర్చాలి. గాలం మొన వద్ద వెనుకకు వంగి ఉండే ముల్లును శ్రావణంతో నొక్కివేస్తే గాలం క్షణంలో ఊడివస్తుంది. సహజమైన ఎర వాడితే వృత్తాకార గాలం ఎంచుకోవాలి; అది గొంతులోకి దిగక ఎక్కువగా దవడ మూలనే తగులుతుంది. ముడులు లేని రబ్బరు పూత వల, పొడవు కొలిచే తడి పట్టీ పడవలో ఉండాలి. ఛాయాచిత్రం కోసం కెమెరా ముందే సిద్ధమవ్వాలి, చేప తరువాతే నీటిపైకి రావాలి.

లోతు నీటి వేటకు మరొక సమస్య ఉంది. 30 మీటర్ల లోతున పీడనం ఉపరితలం కంటే నాలుగు రెట్లు. అక్కడి నుండి వేగంగా పైకి లాగిన గ్రూపర్, స్నాపర్ చేపల గాలితిత్తి ఆ మేరకు ఉబ్బి, కడుపు నోటిలోకి పొడుచుకువస్తుంది. అటువంటి చేపను నీటి మీద వదిలితే కిందికి దిగలేక తేలుతూ చనిపోతుంది. అమెరికాలోని మెక్సికో సింధుశాఖలో దిబ్బ చేపలను వేటాడే పడవలు, చేపను తిరిగి లోతుకు దించే సాధనాన్ని గాని, ఉబ్బిన గాలిని తీసే సాధనాన్ని గాని సిద్ధంగా ఉంచాలని 2021లో చట్టం చేశారు. ఆ సాధనం లేనప్పుడు లోతు నీటిలో పట్టి విడిచే వేట మానుకోవడమే శాస్త్రసమ్మతం. భోజనానికి కావలసిన ఒకటి రెండు చేపలు పట్టుకొని అక్కడికి వేట ఆపడం, పదిహేను పట్టి పదిహేనూ విడిచి మంచి పని చేశామనుకోవడం కంటే ఎంతో నయం.

ఒక లెక్క వేసి చూడవచ్చు. ఆరుగురు సభ్యుల బృందం మనిషికి రోజుకు ఐదు చేపల చొప్పున ఐదు రోజులు పట్టి విడిచిందనుకుంటే మొత్తం 150 చేపలు. ఇరవైకి ఒకటి చొప్పున చనిపోతే నష్టం ఏడెనిమిది. ఐదింటికి ఒకటి చొప్పున చనిపోతే నష్టం ముప్పై. పడవ అదే, సముద్రం అదే, ఖర్చూ అదే. తేడా పట్టుకునే చేతులలో ఉంది.

పైగా పోయేవి సామాన్యమైన చేపలు కావు. వేటగాడు కోరుకునేది పెద్ద చేపను. జెయింట్ ట్రెవల్లీ సుమారు 60 సెంటీమీటర్ల పొడవుకు, మూడున్నర ఏళ్ల వయసుకు ప్రౌఢదశకు వస్తుందని హవాయి పరిశోధన తెలిపింది. ఈ జాతిలో గాలానికి చిక్కిన ప్రపంచ రికార్డు చేప 2006లో జపాన్‌లోని టోకారా దీవుల వద్ద 72.8 కిలోలు తూగింది. అంత ఎదుగుదలకు దశాబ్దాలు పడతాయి. పెద్ద ఆడచేప సంతానోత్పత్తి శక్తి దాని బరువుతో సమానంగా గాక అంతకు మించి పెరుగుతుంది. 30 కిలోల అట్లాంటిక్ కాడ్ ఆడచేప ఒక్కటే, మొత్తం 56 కిలోలు తూగే 28 చిన్న ఆడచేపల కంటే ఎక్కువ గుడ్లు పెడుతుందని 2018లో వెలువడిన విశ్లేషణ చూపింది. పెద్ద ముత్తైదువ చేప ఒకటి పోవడమంటే ఒక చేప పోవడం కాదు.

ఆక్షేపణలు

ఈ వాదనపై మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది నైతికం: ఆకలికి పట్టడం ధర్మమే గాని ఆటకు పట్టి హింసించడం తగదు. ఇది తేలికగా తోసివేయదగిన మాట కాదు. జర్మనీ జంతు సంరక్షణ చట్టం సహేతుకమైన కారణం లేనిదే జంతువును బాధించరాదంటుంది. అందువలన విడిచిపెట్టే ఉద్దేశంతోనే చేపను పట్టడం అక్కడ చట్టవిరుద్ధంగా పరిగణింపబడుతోంది. మన సమాజమూ ఏనాడైనా అదే నిర్ణయానికి రావచ్చు. అంతవరకు, జరుగుతున్న వేటలో బాధను, మరణాన్ని తగ్గించడం ఆ నైతిక దృష్టికి విరుద్ధం కాదు.

రెండవది: చిన్న, సన్నకారు రైతులు, జాలరుల కోసం ఉన్న విస్తరణ వ్యవస్థ సంపన్నుల వినోదంపై సమయం వెచ్చించడమెందుకు? పడవలో గాలం పట్టినవాడు సంపన్నుడు కావచ్చు. చుక్కాని పట్టినవాడు జాలరి. శిక్షణ పొందవలసినదీ, ఆదాయం పెరగవలసినదీ అతనికే.

మూడవది: చట్టం కట్టుదిట్టంగా అమలు చేస్తే చాలు కదా? అండమాన్ నికోబార్ చుట్టూ గల ప్రత్యేక ఆర్థిక మండలం సుమారు ఆరు లక్షల చదరపు కిలోమీటర్లు. అంత నీటిలో ప్రతి గాలాన్నీ గమనించే యంత్రాంగం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. చట్టం హద్దు గీస్తుంది. హద్దు లోపల చేతులు ఎలా మెలగాలో నేర్పేది విస్తరణే.

విస్తరణ సేవల కర్తవ్యం

వినోద వేట గురించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లోనే బాధ్యతాయుత మత్స్య వేట మార్గదర్శకాలను ప్రచురించింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వినోద మత్స్య వేట ప్రోత్సాహానికి చోటు ఉంది. 1978 నుండి పనిచేస్తున్న కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ దీవులలోనే ఉంది. కొరత సంస్థలలో లేదు, పూనికలో ఉంది.

చేపట్టవలసిన పనులు పెద్దవేమీ కావు. సరంగులకు, కలాసీలకు చేపను నీటిలోనే ఉంచి గాలం తీయడం, అలసిన చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టి తేరుకోనివ్వడం, రక్షిత జాతులను గుర్తించడం నేర్పే మూడు రోజుల శిక్షణ మొదటిది. అది హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ జరగాలి. ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులు ఇందుకు సచిత్ర కరదీపికలు తయారు చేయగలరు. శిక్షణ పొందిన సరంగుకు ధ్రువపత్రం, దానితో పాటు యాత్రా రుసుములో నిర్ణీత వాటా ఉండేలా పడవ యజమానులతో ఒప్పందం కుదర్చడం రెండవది. యాత్రికులు పడవను ఖరారు చేసుకునే సమయంలోనే వారికి అందేలా నిషేధ కాలం, నిషిద్ధ జలాలు, తేవలసిన గాలాలు, తేకూడనివి తెలిపే ఒక పేజీ సూచిక మూడవది.

నాలుగవది దినచర్య పుస్తకం. ఏ తేదీన, ఏ చోట, ఏ జాతి, ఎంత పొడవు, ఎంతసేపు గాలిలో ఉంది, ఎలా ఈదిపోయింది అన్న ఆరు గడులు నింపడానికి ఒక నిమిషం చాలు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1973 నుండి వినోద వేటగాళ్లే చేపలకు గుర్తుబిళ్లలు తగిలించి శాస్త్రవేత్తలకు సమాచారం అందిస్తున్నారు. అండమాన్ సరంగు చేతిలోని పుస్తకం స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు విలువైన ఆధారం కాగలదు. అంతకు మించి, తాను చూసినదానికి శాస్త్రంలో విలువ ఉందని ఆ సరంగుకు తెలుస్తుంది.

విత్తనం ఎంపిక చేసిన నాడే పంట సగం నిర్ణయమవుతుందని వ్యవసాయ విస్తరణలో పనిచేసేవారికి తెలుసు. గాలపు వేట విహారం కూడా అంతే. ఏ నెల, ఏ నీరు, ఎవరి పడవ, ఏ గాలం అన్నవి తేల్చుకున్న నాడే చేప బ్రతుకు, జాలరి రాబడి చాలావరకు నిర్ణయమైపోతాయి. ఆ నిర్ణయం జరిగే సమయానికి శాస్త్రం అక్కడ ఉండేలా చూడడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.